ఎడమచేతి మెలిక

మావయ్య మా గుమ్మం తొక్కాడంటే ఏదో అవసరం పడిందనే అర్థం. ఆ ఎండాకాలం మొదట్లో, మిట్టమధ్యాహ్నం కాకి కూడా బయటికి రాని వేళ, అతని వ్యాను మా ఇంటి ముందు ఆగింది. ఇద్దరు మనుషులు పాత దుప్పట్లో చుట్టిన పెట్టెనొకదాన్ని మోసుకొచ్చి, ముందుగదిలో నేను రిపేర్లు చేసుకునే బల్ల మీద దించారు. వెనకాలే మావయ్య మెడ తుడుచుకుంటూ వచ్చాడు.

"కోడలా, నీకో పని తెచ్చాను. నువ్వు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు."

పొగడ్తతో మొదలుపెట్టేసరికే నాకు ఒళ్లు మండింది. దుప్పటి లాగి చూశాను. పాత కంప్యూటరు. ఒకప్పుడు మీగడ రంగులో ఉండే డబ్బా ఎండుటాకు రంగుకి తిరిగింది. వెనక గాలి పోయే చిల్లుల చుట్టూ మసి. ఆ మసిని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. మా సంసారానికి పట్టిన మసి అది.

నా చిన్నతనంలో నాన్నా, మావయ్యా కలిసి రిపేరు షాపు నడిపేవారు. మావయ్య అంటే అమ్మకి సొంత తమ్ముడు. ఈ కంప్యూటరు ఒక ఆఫీసుది, పవర్ రావడం లేదని తెచ్చారు. బావాబావమరుదులు ఇద్దరూ దాని మీద పనిచేశారు. ఆఫీసువాళ్లు తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు నాన్న స్విచ్చు వేశాడు. ఢామ్మని పేలి, మంట లేచి, ముందు నిలబడ్డ గుమాస్తా చెయ్యి కాలింది. అందరూ నీళ్ల కోసం పరిగెడుతుంటే మావయ్య డబ్బా వెనక్కి వెళ్లి అరిచాడు: "బావా, ఎంత పని చేశావ్! నూట పదిహేనులో ఉంచేశావు!"

పాత కంప్యూటర్లకి వెనక చిన్న ఎర్ర స్విచ్చు ఉంటుంది. కొన్ని చోట్ల కరెంటు నూట పదిహేను ఓల్టులు, కొన్ని చోట్ల రెండొందల ముప్పై. మనది రెండొందల ముప్పై. దాన్ని నూట పదిహేనులో ఉంచి కరెంటు ఇస్తే లోపల పేలిపోతుంది. ఈ పనిలో ఓనమాలు దిద్దేవాడికి కూడా తెలిసిన సంగతి. నాన్న నిలువునా నీరుగారిపోయాడు. ఆ రోజే షాపు దిగేశాడు. గోడౌన్‌లో బస్తాలు లెక్కపెట్టే పనికి కుదిరాడు. మళ్లీ స్క్రూడ్రైవరు ముట్టలేదు. నాకు పని నేర్పించింది కూడా కుర్చీలో కూర్చుని నోటి మాటలతోనే.

కాలిన మిషన్ని మావయ్య ఉంచుకున్నాడు. షాపూ ఉంచుకున్నాడు. పైగా ఒక వేళాకోళం పట్టుకున్నాడు. నాన్న ఫ్యాను వేసినా, బండి తీసినా, కుళాయి తిప్పినా సరే, "స్విచ్చు చూసుకున్నావా బావా?" అనేవాడు. అది బజారంతా పాకింది. మా నాన్నకి 'స్విచ్చాయన' అని పేరు పడింది. నన్ను బళ్లో 'స్విచ్చాయన కూతురు' అనేవాళ్లు. అన్నవాళ్లలో ఇద్దరి చెవులు మెలిపెట్టాను గానీ, ఎంతమందివని మెలిపెట్టగలను?

అన్నింటికంటే నాకు కడుపు రగిలేది అమ్మని చూస్తే. తమ్ముడి మాటే ఆవిడకి వేదం. బియ్యం డబ్బా అడుగంటినప్పుడల్లా, "ఆ రోజు ఆ పాడు స్విచ్చొక్కటి చూసుకునుంటే ఈ గతి పట్టేదా మనకి?" అనేది. నాన్న తల దించుకుని తినేవాడు.

ఆ మధ్యాహ్నం కూడా, గోడౌన్ సెలవై ఇంట్లోనే ఉన్న నాన్న మజ్జిగ గ్లాసు పట్టుకుని వచ్చేసరికి మావయ్య పళ్లికిలించాడు.

"ఏం బావా, లోపల ఫ్యాను వేసుకున్నావా? స్విచ్చు చూసుకున్నావా?"

"నీ వేళాకోళం తగలెయ్య," అని అమ్మ నవ్వింది. నాన్న గ్లాసు బల్ల మీద పెట్టి వెనక్కి వెళ్లిపోయాడు.

మావయ్య కొత్త షోరూము కడుతున్నాడు. ఎండలు తగ్గేలోపు ప్రారంభం. గుమ్మంలోకి రాగానే అద్దాల పెట్టె, అందులో ఈ కంప్యూటరు వెలుగుతూ ఉండాలట. "నన్ను ఒంటరిగా నిలబెట్టిన మిషన్" అని పైన రాయిస్తాడట. అతని దగ్గరున్న కుర్రమెకానిక్కులు చేతులెత్తేశారు. ఫ్యూజు బాగానే ఉందని మీటరు పెట్టి చూశారట, ఆ పైన ఏం చెయ్యాలో వాళ్లకి తెలియలేదు.

"ఒకటే మాట కోడలా. ఏ పార్టు మార్చినా పాతది పారెయ్యకు. పక్కన ట్రేలో పెట్టి చూపిద్దాం. అసలు సరుకు కళ్లారా చూస్తేనే జనం నమ్ముతారు."

"అలాగే మావయ్యా," అన్నాను. నా గొంతు నాకే తేనె పూసినట్టు వినిపించింది.

అప్పటికే నా మనసులో లెక్క కుదిరిపోయింది. బాగుచేస్తాను. ప్రారంభం రోజు పొద్దున ఆ ఎర్ర స్విచ్చు నూట పదిహేనుకి జరుపుతాను. అందరి ముందూ అతని చేతిలో పేలాలి. "స్విచ్చు చూసుకున్నావా మావయ్యా?" అని నేనడగాలి. ఆ మాట నోట్లో ఎన్నిసార్లు చప్పరించానో చెప్పలేను.

నాన్నతో అన్నాను కూడా. పెరటి అరుగు మీద కూర్చుని విన్నాడు.

"మిషనేం చేసిందే పాపం?" అన్నాడు.

"మిషన్ మాటెందుకు నాన్నా? నువ్వేం చేశావు?"

ఆయన చాలాసేపు అరచేతులు చూసుకున్నాడు. "జరిపానని గుర్తు తల్లీ. రెండొందల ముప్పైకి జరిపి, వేలితో తడిమి కూడా చూశాను. కానీ నిజంగా జరిపుంటే కాలేది కాదుగా. అందుకే నా గుర్తు మీద నాకే నమ్మకం పోయింది."

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే కోపం చల్లారుతుందని ఆపుకున్నాను.

మర్నాడు మిషన్ విప్పాను. పవర్ సప్లై రేకు డబ్బా బయటికి తీసి మూత తెరిస్తే, ఎప్పటిదో కాలిన వాసన ఇప్పటికీ గుప్పుమంది. ముందుగా ఫ్యూజుకి మీటరు పెట్టాను. కుయ్‌మని మోగింది. బాగానే ఉందని దాని అర్థం. కుర్రాళ్లు ఆగిపోయింది ఇక్కడే. నేనూ దాటుకుని ముందుకెళ్లబోయాను. చెయ్యి ఆగింది. ఫ్యూజు ఉండేది ఎందుకు? మంట రాకముందే తను తెగిపోవడానికి. లోపల సగం బొగ్గైపోతే, ఇదొక్కటి పెళ్లికూతురిలా ఎలా కూర్చుంది?

పట్టకారుతో పీకాను. గాజు లోపలి సన్నతీగ ఎప్పుడో తెగిపోయి ఉంది. కిందవైపు, పైనుంచి చూస్తే కనబడకుండా, ఒక రాగితీగ ఈ కొసనుంచి ఆ కొసకి కట్టి ఉంది. తెగిన ఫ్యూజుని మోసం చేసి కరెంటు పంపడం అది. మీటరు మోగింది ఆ రాగితీగకి.

తర్వాత కరెంటుని పట్టి ఉంచే పెద్ద కెపాసిటర్ల వైపు చూశాను. బొటనవేలంత లావున రెండు ఉంటాయి. నూట పదిహేనులో ఉంచి కరెంటిస్తే ముందు పేలాల్సింది అవే. తీసి, మసి తుడిచి, ఒక్కోటీ పరీక్షించాను. నిక్షేపంలా ఉన్నాయి. అంటే ఆ రోజు నాన్న కరెంటు ఇచ్చినప్పుడు స్విచ్చు రెండొందల ముప్పైలోనే ఉంది. మరి నూట పదిహేనుకి ఎప్పుడు వెళ్లింది? అందరూ నీళ్లకి పరిగెత్తినప్పుడు డబ్బా వెనక నిలబడ్డది ఎవరు?

తీగ విప్పుదామని కొస పట్టుకుని తిప్పాను. విడలేదు, ఇంకా బిగిసింది.

ఎవరైనా రెండు తీగలు మెలేస్తే కుడివైపుకి మెలేస్తారు. మా మావయ్యది ఎడమచేతి వాటం. అతని మెలిక ఎడమకి తిరుగుతుంది. మామూలుగా విప్పబోతే బిగుసుకుంటుంది. షాపులో నాన్న నవ్వుతూ అనేవాడు, "వీడు కట్టింది విప్పాలంటే మళ్లీ వీడే రావాలి" అని. నా బొమ్మ దీపానికి మావయ్య కట్టిన తీగ విప్పలేక నేను ఏడ్చిన రోజులు నాకింకా గుర్తే.

ఓరి నీ దుంపతెగ! అనుకున్నాను. పైకే అనుకున్నాను. ఇన్నేళ్లూ ఆ స్విచ్చు కథ చెప్పీ చెప్పీ ఈ తీగ సంగతి తనే మర్చిపోయాడు కాబోలు.

నాన్న గోడౌన్ నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక, ఆ ఫ్యూజుని ఆయన అరచేతిలో పెట్టాను. కెపాసిటర్లు పక్కన పెట్టాను. ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి, వెలుతురుకి పెట్టి చూశాడు. తీగ కొస పట్టుకుని తిప్పాడు. బిగిసింది. మళ్లీ తిప్పాడు.

"నేను అన్నానికి వెళ్లొచ్చేసరికి మిషన్ ఆడుతోంది," అన్నాడు మెల్లగా. "ఫ్యూజు కొత్తది వేశాను బావా, నువ్విక చూడక్కర్లేదు, మూత కూడా బిగించేశాను అన్నాడు మీ మావయ్య."

అమ్మ లోపల్నుంచి కాఫీ చల్లారిపోతోందని కేకేసింది.

"నా స్క్రూడ్రైవర్ల డబ్బా అటక మీదే ఉందా?" అన్నాడు.

నేను స్టూలు వేసుకుని దించాను. ఆయన తుప్పు పట్టినవి పక్కనపెట్టి, మిగతావి నూనెగుడ్డతో తుడుచుకుని, నా బల్లకి అటువైపు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అమ్మ గుమ్మంలోంచి చూసి, "ఇప్పుడు మళ్లీ మొదలా? ఈసారి ఎవరి చెయ్యి కాలుస్తారు?" అంది. నేను నోరు తెరవబోతే నాన్న కాలితో నా కాలు నొక్కాడు.

అమ్మ వెళ్లాక అన్నాడు: "చెబితే నమ్మదే. స్విచ్చు జరిపానని ఇన్నేళ్లలో నేను చెప్పలేదా? నువ్వు చెబితే నాన్న నేర్పిన చిలకపలుకులంటుంది."

"అయితే చూపిద్దాం. అందరి ముందూ చూపిద్దాం."

ఆయన వద్దనలేదు. నేను దాన్నే సరేననడంగా తీసుకున్నాను.

ఆ ఎండల్లో మేమిద్దరం పని చేశాం. టంకం వేసేటప్పుడు ఫ్యాను ఆపాలి కాబట్టి చెమట ముక్కుకొసన వేలాడేది. కాలిన పార్టులన్నీ మార్చాం; పెద్ద కెపాసిటర్లు బాగానే ఉన్నా, ట్రేలో పెట్టడం కోసం వాటినీ మార్చాం. బోర్డు మీద పాత బ్యాటరీ కారి పచ్చగా చిలుము పట్టింది. వెనిగరులో ముంచిన బ్రష్షుతో కడిగి ఎండబెట్టాం. మొదటిసారి కరెంటు నేరుగా ఇవ్వకుండా మధ్యలో పెద్ద బల్బు ఒకటి తగిలించాం. లోపల ఇంకా ఎక్కడైనా షార్టు ఉంటే మిషన్ కాలకుండా ఆ బల్బే భగ్గున వెలుగుతుంది. వెలగలేదు. కానీ మిషనూ లేవలేదు. పవర్ సప్లై టిక్కు టిక్కుమంటూ, లేవబోయి కూలబడే ముసలాయనలా ఉండిపోయింది.

నేను తల పట్టుకున్నాను. నాన్న చెవి దగ్గరపెట్టి విని, "దానికేం రోగం లేదు. ఎవరో దాని గొంతు పట్టుకున్నారు. బోర్డుకి గుచ్చిన కార్డులు ఒక్కోటీ పీకు," అన్నాడు. పీకుతూ పోయాం. ఒక కార్డు తియ్యగానే టిక్కుటిక్కు ఆగి, లోపల ఫ్యాను గిర్రున తిరిగింది. ఆ కార్డు మీద పప్పుగింజంత కెపాసిటరు షార్టయింది. అది మార్చి మళ్లీ పెట్టాం. నా దగ్గరున్న పాత తెర తగిలిస్తే, దాని మీద పచ్చటి గీత మిణుకుమంది.

నాన్న కుర్చీలో వెనక్కి వాలి చేతులు రెండూ ముందుకి చాచి చూసుకున్నాడు. "వణకడం లేదే," అన్నాడు. ఆ మాటకి నాకు మావయ్య మీద కోపం తగ్గాల్సిన చోట ఇంకా కసి పుట్టింది. ఇన్నేళ్లు ఈ చేతుల చేత బస్తాలు లెక్కపెట్టించాడు!

ఎర్ర స్విచ్చు ఆలోచన వదిలేశాను. పేలితే ఒక్క నిమిషం నవ్వుతారు, మళ్లీ మాదే తప్పంటారు. నాకు అంతకంటే ఎక్కువ కావాలి.

మావయ్య చూసుకుపోవడానికి వచ్చినప్పుడు మిషన్ వెలిగించి చూపించాను. ఉబ్బి తబ్బిబ్బయ్యాడు.

"మావయ్యా, రిబ్బను కత్తిరించడం ఊళ్లో ప్రతివాడూ చేసేదే. నువ్వు పనిమంతుడివి. పాతరోజుల్లోలాగా నీ చేత్తో రెండు తీగలు మెలేస్తే మిషన్ వెలిగేలా పెడతాను. చిన్న బ్యాటరీ తీగలే, షాక్ కొట్టదు."

"అబ్బో! ఎవరి కోడలు మరి!" అని నా నెత్తి మీద తట్టాడు. తట్టిన చోట గుడ్డతో తుడుచుకున్నాను.

ప్రారంభం రోజు షోరూము నిండిపోయింది. బజారులోని మెకానిక్కులందరూ వచ్చారు. నాన్నకీ మావయ్యకీ పని నేర్పిన పెద్దాయన, వాల్వు రేడియోల కాలంనాటి మనిషని అందరూ 'వాల్వుల తాత' అంటారు, ఆయనా కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. అమ్మ మంచి చీర కట్టుకుని తమ్ముడి వైభవం చూడ్డానికి ముందు వరసలో కూర్చుంది. నాన్న వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అద్దాల పెట్టెలో మిషన్ పక్కన ట్రే పెట్టి పైన గుడ్డ కప్పాను.

మావయ్య మైకు పట్టుకుని ఆ పాత కథ ఎత్తుకున్నాడు. బావ మతిమరుపు, పేలుడు, తను ఒంటరిగా నిలబడడం. "అందుకే చెబుతున్నా, ఏ పని చేసినా స్విచ్చు చూసుకోండి!" అన్నాడు. జనం గొల్లుమన్నారు. నేను నాన్న వైపు చూడలేదు. తర్వాత మావయ్య చొక్కా చేతులు మడుచుకుని, రెండు తీగలూ పట్టుకుని, అలవాటైన వేళ్లతో టకటకా మెలేశాడు. మిషన్ వెలిగింది. చప్పట్లు.

"ఆ రోజు కాలిన పార్టులన్నీ ట్రేలో ఉన్నాయి. దగ్గరికొచ్చి చూడండి!" అని గుడ్డ కూడా తనే లాగాడు. ఇందులో నా చెయ్యేమీ లేదు, పిలిచింది అతనే.

అందరికంటే ముందు వాల్వుల తాత వంగాడు. కళ్లజోడు పైకి తోసి ఫ్యూజు చేతిలోకి తీసుకున్నాడు.

"ఫ్యూజుకి తీగ కట్టిన దరిద్రుడెవడ్రా?" అన్నాడు గట్టిగా. మెకానిక్కులు మూగారు. ఆయన పెద్ద కెపాసిటర్లు అటూ ఇటూ తిప్పి చూసి, పక్కనున్న నా మీటరు మీద పెట్టించాడు. "ఇవి గుండ్రాళ్లలా ఉన్నాయి. నూట పదిహేనులో ఇస్తే ఇవి మిగుల్తాయా? కొంప ముంచింది స్విచ్చు కాదు, ఈ తీగ."

మావయ్య ఒక్క క్షణం కూడా ఆగలేదు. "బావే కట్టుంటాడు తాతా! చెప్పాగా, మతిమరుపు..."

తాత తీగ కొస పట్టుకుని విప్పబోయాడు. బిగిసింది. ఆయన చెయ్యి ఆగిపోయింది. మెల్లగా తల తిప్పి, మావయ్య అప్పుడే మెలేసిన తీగల వైపు చూశాడు. చుట్టూ ఉన్న మెకానిక్కులూ అటే చూశారు. ఎవరూ నవ్వలేదు.

అమ్మ లేచింది. తాత చేతిలోంచి ఫ్యూజు తీసుకుని, మావయ్య కట్టిన తీగల పక్కన పెట్టి చూసింది. అటొకసారి, ఇటొకసారి. ఆవిడకి ఎవరూ ఏమీ వివరించాల్సిన పని లేదు. తమ్ముడు చిన్నప్పుడు బూట్ల తాళ్లు కట్టుకుంటే విప్పడానికి చచ్చే చావు చచ్చింది ఆవిడే.

"అక్కా..." అన్నాడు మావయ్య.

"కుడిచేత్తో రాయమని నాన్న బెత్తం తీస్తే, అడ్డంపడి దెబ్బలు తిన్నది నేనురా," అంది అమ్మ. గొంతు పెంచలేదు. "ఈ చేతిని కాపాడింది నేను."

ఫ్యూజు తీసుకెళ్లి ట్రేలో పెట్టి, బయటికి నడిచింది. నాన్న మాత్రం జనాన్ని తోసుకుని మిషన్ దగ్గరికి వచ్చి దాన్ని ఆపాడు. "పాత సరుకు, ఎక్కువసేపు ఉంచకూడదు," అని ఎవరితోనూ కాకుండా అన్నాడు. జనం ఆయనకి దారిచ్చారు. వాల్వుల తాత ఆయన భుజం పట్టుకుని గట్టిగా నొక్కాడు. నాకు ఎంత హాయిగా ఉందో! ఆ రోజు అక్కడ పంచిన చెత్త కేకుకున్న రుచి మళ్లీ నేనెక్కడా ఎరగను.

అమ్మ నాన్నని క్షమించమని అడగలేదు. అలా అడగడం ఆవిడకి రాదు. మర్నాడు పొద్దున్నే ఆయన గోడౌన్‌కి పెట్టుకెళ్లే అన్నం డబ్బా సర్దలేదు. "ఇంక ఆ బస్తాల దగ్గరికెందుకండీ? బల్ల ఉందిగా," అంది. కాఫీ తెచ్చి బల్ల మీద ఆయన చేతికి దగ్గరగా పెట్టి, అక్కడే నిలబడి, ఆయన తాగేదాకా కదల్లేదు.

ఎండలు పోయి మొదటి వాన పడిన సాయంత్రం మావయ్య వచ్చాడు. వ్యాను లేదు. గొడుగూ లేదు. బజారులో అతనికి కొత్త పేరు పడిందని అప్పటికే మాకు తెలుసు. అది ఇక్కడ రాయదగ్గది కాదు. అమ్మ తలుపు సగమే తీసింది.

"అక్కా, ఆఫీసువాళ్లు వచ్చేస్తున్నారన్న కంగారులో కట్టాను. పేలేసరికి ఇంకా కంగారు పడిపోయాను. ఆ గాభరాలో ఏం చేశానో నాకే తెలీదక్కా."

లోపల్నుంచి నేను అమ్మ వీపునే చూస్తున్నాను. కరిగిపోతుందేమోనని నాకు భయం. తమ్ముడు తడిసి నిలబడితే కరగని అక్క ఉంటుందా?

"అంత గాభరాలోనూ," అంది అమ్మ, "స్విచ్చు మాత్రం చూసుకున్నావురా."

తలుపు వేసి గొళ్లెం పెట్టింది.

"ఎవరూ?" అన్నాడు నాన్న, పని మీంచి తలెత్తకుండా.

"ఎవరో లెండి. దారి తప్పి వచ్చారు," అంది అమ్మ.